జాక్‌షాఫ్ట్ డ్రైవ్

మోటార్‌సైకిల్ గేర్‌బాక్స్‌కూ వెనక చక్రానికీ మధ్య బేరింగుల మీద తిరిగే అదనపు షాఫ్ట్. వెడల్పు టైరు వేసినప్పుడు చైను దానికి రాసుకోకుండా పక్కకు జరపడం దీని ముఖ్య ఉపయోగం. చైన్లు రెండు: ఒకటి గేర్‌బాక్స్ నుంచి షాఫ్ట్‌కు, రెండోది అక్కడి నుంచి చక్రానికి. గేర్‌బాక్స్ స్ప్రాకెట్‌కు 16 పళ్లు, షాఫ్ట్ మీద 20, 16, చక్రానికి 38 ఉంటే నిష్పత్తి 2.375 నుంచి 2.97కు పెరుగుతుంది. కొండదారుల్లో ఈ నిష్పత్తి ఇచ్చే లాగుడు బాగానే ఉంటుంది; హైవే మీద మాత్రం ఇంజను గోల పెడుతుంది. షాఫ్ట్‌ను స్వింగార్మ్ కీలు గీతలోనే అమర్చితే గుంతల్లో వెనక చైను బిగుతు మారదు. దీన్ని తయారుచేయడంలో లేత్ పనికన్నా స్ప్రాకెట్లను ఒకే వరుసలో నిలపడమే కష్టం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన, ఆర్‌సీలో నమోదైన వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది.