మర్రిచెట్ల బాట, పందెపు కారు

స్టాక్ కారు అంటే కంపెనీ తయారుచేసి అమ్మకానికి ఉంచిన, ఎవరైనా కొని ఇంటికి నడుపుకుపోగల మామూలు కారు. దానితోనే పందెం కట్టే క్రీడ చాలావరకు, 1920 నుంచి 1933 దాకా సాగిన అమెరికా మద్యనిషేధ కాలంలో దొంగసారా రవాణాదారులు పోలీసులకు చిక్కకుండా తమ బళ్లకు చేసుకున్న మరమ్మతుల్లోంచి పుట్టింది. 1948లో ఏర్పడిన నాస్కార్ సంస్థ, మార్పులు చేయని కార్లకే చోటని ప్రకటించి 1949 జూన్ 19న షార్లట్‌లో జరిపిన పందెంలో గ్లెన్ డనవే ముందుగా గీత దాటినా, తనిఖీలో అతని కారు వెనక స్ప్రింగులను సారా బళ్ల పద్ధతిలో మార్చినట్టు తేలడంతో గెలుపు జిమ్ రోపర్‌కు దక్కింది. మామూలు కారుకు హద్దు ఎక్కడన్న తగవు ఆ విధంగా ఆటతోపాటే పుట్టిందనాలి. 2022 నుంచి నాస్కార్ అగ్రశ్రేణి జట్లన్నీ ఒకే సరఫరాదారుల దగ్గర చాలా విడిభాగాలు కొనవలసి రావడంతో, వాకిట్లోని కారుకూ ట్రాకు మీది కారుకూ పోలిక పేరులోనే మిగిలిందని పాత అభిమాని చేసే ఫిర్యాదు ఆ తగవుకు కొనసాగింపే.

దక్షిణ భారతంలో ఆ పోలిక నిలిచిన చోటు మద్రాసు శివారు షోలవరం. అక్కడ రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే మీద, 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ జరిపిన పందేలకు, విదేశీ కార్ల దిగుమతి కష్టమైన ఆ రోజుల్లో, మెకానిక్కులు ఫియట్, హెరాల్డ్ వంటి బజారు కార్లకే సానపట్టి దింపేవారు; లేమి వల్ల అబ్బిన నిజాయితీ అది.

హైదరాబాదులో ఈ వరస తిరగబడింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల వలయంలో జరిగి, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచిన ఫార్ములా ఈ పందెంలో, అంటే విద్యుత్ కార్ల పోటీలో, మామూలు కారు ట్రాకెక్కలేదు, మామూలు రోడ్డే ట్రాకుగా మారింది. మరుసటి ఏడు జరగవలసిన పోటీ రద్దయింది.

నగరానికి పడమట మొయినాబాద్, చేవెళ్ల మీదుగా సాగే బీజాపూర్ రోడ్డు కథ వేరు; పందెమేదీ లేకుండానే అది ట్రాకులా మారింది. నగరపు జంట జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111వ నంబరు జీవో మొయినాబాద్ పరిసరాల్లో పెద్ద కట్టడాలను కట్టడి చేయగా, పోలీసు అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవునా నిలిచిన సుమారు 900 మర్రిచెట్లు రోడ్డు విస్తరణ వివాదాన్ని హరిత ట్రిబ్యునల్ దాకా నడిపించాయి. ఎడ్లబండి నడకకు సరిపోయిన ఆ నీడ కింద ఇప్పుడు టిప్పర్లూ కార్లూ పరుగు తీస్తున్నాయి. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది మరణించినది ఈ దారిలోనే. పందెపు ట్రాకులో మలుపు వెలుపల టైర్ల గోడ ఉంటుంది; ఇక్కడ అదే చోట సున్నం పట్టీ వేసిన మర్రి మొదలు ఉంటుంది, దాని పక్కన కూరగాయల గంపలు.