12 వోల్టుల బ్యాటరీకి చిన్న దీపం: నిరోధకంతో వోల్టేజి తగ్గించు విధానం

2008 తరువాత కొన్నేళ్లపాటు తమిళనాడును పీడించిన విద్యుత్ కోతలు కోవిల్‌పట్టి, విరుదునగర్ పరిసరాల తెలుగు కుటుంబాలవారికి గుర్తుండే ఉంటాయి. కరెంటు లేని వేళ వాహనపు బ్యాటరీతో ఒక తెల్లని ఎల్.ఇ.డి.ని వెలిగించదలచినవారు ముందుగా తెలుసుకోవలసినది నిరోధకం, అనగా రెసిస్టర్, సంగతి.

ఎల్.ఇ.డి.కి కావలసినది సుమారు 3.2 వోల్టులు, 20 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం. దానిని 12 వోల్టులకు నేరుగా తగిలిస్తే క్షణంలో మాడిపోతుంది. మిగిలిన 8.8 వోల్టులను వరుసలో కలిపిన నిరోధకం భరించాలి. జర్మనీ శాస్త్రవేత్త ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం ప్రకారం 8.8ని 0.02తో భాగిస్తే 440 ఓములు వస్తుంది. అంగడిలో సులువుగా దొరికేది 470. దాని మీది పట్టీలు పసుపు, ఊదా, గోధుమ రంగుల్లో ఉంటాయి. అప్పుడు ప్రవాహం 19 మిల్లీ ఆంపియర్లకు కొంచెం తక్కువ. వెలుగులో తేడా కంటికి తెలియదు.

పావు వాటు నిరోధకం చాలునని లెక్క చెబుతుంది. కాని ఛార్జి అవుతున్న బ్యాటరీ 14.4 వోల్టుల దాకా పోతుంది, అప్పుడు నిరోధకంలో పుట్టే వేడి పావు వాటును దాటుతుంది. కనుక అర వాటుదే కొనాలి. పైగా ఈ అమరికలో బ్యాటరీ శక్తిలో దాదాపు మూడు వంతులు వేడిగానే పోతుంది. మూడు ఎల్.ఇ.డి.లను వరుసగా కలిపి 120 ఓముల నిరోధకం పెడితే, అదే ప్రవాహానికి మూడు దీపాలు వెలుగుతాయి, వృథా ఐదో వంతుకు దిగుతుంది.

ఇదే ఉపాయం రేడియోకు పనికిరాదు. ఒక్కొక్కటి 1000 ఓములుగల రెండు నిరోధకాలను వరుసగా కలిపితే నడుమ 6 వోల్టులు కనిపిస్తాయి, నిజమే. అక్కడ 60 మిల్లీ ఆంపియర్లు కోరే రేడియోను తగిలించగానే అది ఒక వోల్టుకు పడిపోతుంది. పోనీ 100 ఓముల నిరోధకాన్ని వరుసలో పెడదామంటే, శబ్దం తగ్గించి ప్రవాహం 20 మిల్లీ ఆంపియర్లకు దిగినప్పుడు రేడియో మీద 10 వోల్టులు పడతాయి. అది చెడిపోవడానికి అంత చాలు. ఇటువంటి చోట 7806 అనే మూడు కాళ్ల రెగ్యులేటరు వాడటమే మేలు.

అగ్గిపెట్టెల పని జరిగే ఊళ్లలో మరో జాగ్రత్త తప్పదు. వాహనపు బ్యాటరీ తీగలు ఒకదానికొకటి తగిలితే వందల ఆంపియర్లు పారి నిప్పు పుడుతుంది. ధన ధ్రువానికి దగ్గరలోనే ఒక ఆంపియరు ఫ్యూజు పెట్టాలి. అగ్గిపుల్లలు, మందు, కాగితపు తునకలు ఉన్న గదిలో ఈ అమరికను ఎంతమాత్రం ఉంచరాదు.

ఇంటి 230 వోల్టులను మాత్రం నిరోధకాలతో తగ్గించబూనకండి. వోల్టేజి తగ్గినట్లు మీటరు చూపినా, ఆ తీగకు ఇంటి లైనుతో సంబంధం తెగదు. ముట్టుకున్న చేతికి ప్రాణాంతకమైన షాకు తగులుతుంది. ట్రాన్స్‌ఫార్మరు ఆ రెంటినీ వేరుచేస్తుంది, నిరోధకం వేరుచేయలేదు.