ఇంద్రలాల్‌ను కూల్చింది ఎవరు?

కోల్‌కతాలోని భవానీపూర్‌లో ఇంద్ర రాయ్ రోడ్ అని ఒక వీధి ఉంది. ఆ పేరు ఇంద్రలాల్ రాయ్ అనే కుర్రవాడిది. 1898 డిసెంబరు 2న కలకత్తాలో పుట్టాడు. లండన్‌లో చదువుకుంటూ ఉండగా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. పైలట్‌గా చేరబోతే చూపు సరిగా లేదని వెనక్కి పంపారు. ఉన్న మోటారు సైకిల్ అమ్మి, ఆ డబ్బుతో పేరున్న కంటి వైద్యుడి దగ్గర మళ్లీ పరీక్ష చేయించుకుని, 1917లో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరాడు. 1918 జూలై 22న ఫ్రాన్స్‌లోని కార్వాన్ పట్టణం మీద జరిగిన ఆకాశపోరులో చనిపోయాడు. అప్పటికి పంతొమ్మిదేళ్లు.

ఇక్కడ మనం రెండు ఇళ్లను ఊహించుకుందాం. ఒకటి కలకత్తాలో. ఆ ఇంటివారి ప్రశ్న: మావాణ్ణి కూల్చింది ఎవరు? మరొకటి జర్మనీలో. అక్కడి మనవడి ప్రశ్న: మా తాత ఆ రోజు ఆకాశంలో ఏం చేశాడు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. దాన్ని వెతికే దారులు మాత్రం వేరు. యుద్ధంలో పనిచేసిన బంధువు చరిత్రను వెతకాలనుకునే ఎవరికైనా ఇంద్రలాల్ ఉదంతం మంచి పాఠం.

ముందుగా బ్రిటిష్ వైపు చూద్దాం. ఇంద్రలాల్ 40వ స్క్వాడ్రన్‌లో ఎస్.ఇ.5ఎ అనే ఒంటిసీటు ఫైటర్ నడిపాడు. 1918 జూలై 6 నుంచి 19 వరకు, అంటే పదమూడు రోజుల్లో, అతని ఖాతాలో పది విజయాలు చేరాయి. అందులో రెండు తోటివారితో కలిసి సాధించినవి. ఆ రోజుల్లో ప్రతి పోరు తర్వాత పైలట్ ఒక నివేదిక రాయాలి. ఎన్ని గంటలకు, ఎంత ఎత్తున, ఎలాంటి విమానంతో తలపడ్డాడు, చివరికి ఏమైంది అన్నది అందులో ఉంటుంది. ఇలాంటి నివేదికలు, వైమానిక దళ అధికారుల సర్వీసు రికార్డులు లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అయితే చదివేటప్పుడు జాగ్రత్త. శత్రు విమానం ‘అదుపు తప్పి కిందికి పోయింది’ అన్నా బ్రిటిష్ వారు విజయంగానే లెక్కించారు. అది నేలను తాకడం ఎవరూ చూసి ఉండకపోవచ్చు. కూలినట్టు నటించి, కింద మబ్బుల్లో సర్దుకుని ఇంటికి పోయిన పైలట్లూ ఉన్నారు. కాబట్టి ఒక వైపు లెక్క ఇంకా రుజువు కాని పరికల్పన మాత్రమే.

అందుకే అవతలి వైపు కాగితం కావాలి. ఇంద్రలాల్ విషయంలో ఈ అవసరం మరీ ఎక్కువ. పశ్చిమ రంగంలో సాధారణంగా గాలి పడమటి నుంచి వీస్తుంది. పోరాడుతూ పోరాడుతూ విమానాలు తూర్పుకు, అంటే జర్మన్లు ఆక్రమించిన నేల మీదికి, కొట్టుకుపోయేవి. ఇంద్రలాల్ పడిపోయిన చోటు కూడా జర్మన్ల అధీనంలోనిదే. అతని సమాధి ఉన్న ఎస్తెవెల్ గ్రామమూ అప్పటికి వారి చేతుల్లోనే ఉంది. కూలిన విమానాన్ని దగ్గరగా చూసే అవకాశం శత్రువుకే దక్కింది.

ఆ రోజు ఎదురుపడినవి జర్మన్ 29వ యాగ్డ్‌ష్టాఫెల్‌కు చెందిన ఫోకర్ డి-7 విమానాలు. ఆ మాటకు వేట దళం అని అర్థం. దళం పేరు తెలిసింది కదా, ఆనాటి డైరీ తెరిస్తే సరిపోతుంది అనుకుంటారు మీరు. చిక్కంతా అక్కడే ఉంది. ఆనాటి జర్మన్ సైన్యం ప్రష్యా, బవేరియా, సాక్సనీ, వూర్టెంబర్గ్ రాజ్యాల సైన్యాల కూర్పు. 29వ దళం ప్రష్యాది. ప్రష్యా సైన్యపు దస్త్రాలన్నీ పోట్స్‌డామ్‌లో ఉండేవి. 1945 ఏప్రిల్‌లో బ్రిటిష్ విమానాలు ఆ ఊరిపై బాంబులు వేసినప్పుడు అందులో అధికభాగం కాలిపోయింది. అదే ఆ పైలట్ బవేరియా దళంవాడైతే మనవడి అదృష్టం వేరు. మ్యూనిక్‌లోని దస్త్రాలు మిగిలాయి.

దెబ్బకు దెబ్బ అన్నట్టు, బ్రిటిష్ సైనికుల మొదటి యుద్ధపు ఫైళ్లలో సగానికి పైగా 1940 సెప్టెంబరులో లండన్‌పై జర్మన్ బాంబులకు బూడిదయ్యాయి. వైమానిక దళాలు ఒకదాని చరిత్రను మరొకటి తగలబెట్టుకున్నాయంటే అతిశయోక్తి కాదు.

కాగితం లేని చోటుకు కథలు వచ్చి చేరతాయి. ఇంద్రలాల్ పడిన చోట ‘రెడ్ బారన్’ రిచ్‌తోఫెన్ ఆకాశం నుంచి పూలదండ జారవిడిచాడని ఒక కథ. వినడానికి బాగుంటుంది. కానీ రిచ్‌తోఫెన్ చనిపోయింది 1918 ఏప్రిల్ 21న, ఇంద్రలాల్ కంటే మూడు నెలల ముందు! 1917 డిసెంబరులో విమానం కూలి గాయపడినప్పుడు చనిపోయాడనుకుని ఇతన్ని శవాల గదిలో పెట్టారని, లేచి తలుపు బాదాడని ఇంకో కథ. ప్రమాదం నిజమే. తలుపు సంగతిని మాత్రం నేను ‘చెప్పుకుంటారు’ అనే అరలోనే ఉంచుతాను.

మూడో దారి ఒకటుంది. అది తటస్థ దేశానిది. కలకత్తాకే చెందిన మరో పైలట్ ఎరోల్ చందర్ సేన్ 1917 సెప్టెంబరులో జర్మన్లకు చిక్కి, హోల్జ్‌మిండెన్ శిబిరంలో బందీగా ఉన్నాడు. ఇలా పట్టుబడినవారి వివరాలను ఇరుపక్షాలూ జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్‌కు పంపేవి. ఆ కార్డులపై బాంబులు పడలేదు. 2014 నుంచి వాటిని ఇంట్లో కూర్చునే చూడవచ్చు.

మరి రెండో ప్రపంచ యుద్ధంలో లుఫ్ట్‌వాఫెలో పనిచేసిన జర్మన్ పైలట్ అయితే? ఓటమి ఖాయమయ్యాక ఆ దళం తన కాగితాలను తానే చాలావరకు తగలబెట్టింది. అయినా గుర్తింపు బిళ్లల జాబితాలు, గాయపడినవారి, మరణించినవారి సమాచారం బెర్లిన్‌లోని ఒక కార్యాలయంలో పోగయ్యాయి. 2019 జనవరి నుంచి అది జర్మనీ ఫెడరల్ ఆర్కైవ్స్‌లో భాగం. దళాల దస్త్రాలు ఫ్రైబుర్గ్‌లో ఉన్నాయి. ఇంట్లో పైలట్ లాగ్ బుక్ దొరికితే మాత్రం అంతకు మించినది లేదు. ఎగిరిన తేదీ, విమానం, బయల్దేరిన చోటు, దిగిన చోటు అన్నీ అందులో వరసగా ఉంటాయి. అందులో ఎవరి ఊరి మీదికి ఎగిరాడో కూడా తెలిసిపోవచ్చు. తాతను వీరుడిగానే చూడాలనుకునే మనవడికి ఆ పేజీ కష్టమే. అయినా అది చింపి పారేసే పేజీ కాదు.

విచారణ లేఖ రాసేటప్పుడు పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఊరు, తెలిస్తే దళం సంఖ్య, బిళ్ల సంఖ్య ఇవ్వండి. రెండు వైపుల నివేదికలూ చేతికొస్తే గంటలు పోల్చేముందు ఒకటి గుర్తుంచుకోండి. 1918 జూలైలో జర్మన్ల గడియారం బ్రిటిష్ వారి గడియారం కంటే ఒక గంట ముందుండేది. ఇటు ఎనిమిదింటికి జరిగిన పోరు అటు తొమ్మిదింటికి జరిగినట్టు ఉంటే, అవి రెండు వేర్వేరు పోరులని పక్కన పెట్టేయకండి.