బెళ్ళందూరులో వేసవి పెరటి తోట

కోలారు, చిత్తూరు, శ్రీ సత్యసాయి జిల్లాల సరిహద్దు గ్రామాల నుండి జీవనోపాధికై బెంగుళూరు చేరిన మన కుటుంబాలు నగరానికి ఆగ్నేయాన ఉన్న బెళ్ళందూరు, వర్తూరు పరిసరాలలోనూ స్థిరపడినవి. ఊరిలో బావి గట్టున బెండ, బీర పెంచిన చేతులు నగరంలో ఊరకుండజాలవు. మిద్దె మీదనో, అద్దె ఇంటి ముంగిటనో నాలుగు కుండీలు వెలుస్తాయి. అయితే ఊరి పద్ధతి ఇక్కడ యథాతథంగా చెల్లదు. ఊరిలో విత్తనం గురించి ముందు ఆలోచిస్తాము. బెళ్ళందూరులో ముందుగా నీటి సంగతి తేల్చుకొని, ఆ తరువాతనే విత్తనం చేతబట్టాలి.

ఏ నీరు పోయాలి?

సుమారు 900 ఎకరాల విస్తీర్ణం గల బెళ్ళందూరు చెరువు బెంగుళూరు చెరువులన్నింటిలో పెద్దది. ఒకనాడు దీని దిగువన వరి పండేది. నగరం పెరిగిన కొద్దీ మురుగునీరు వచ్చి చేరినది. 2015లో నురుగు గట్టు దాటి రహదారిపైకి ఎగిరినది. 2017 ఫిబ్రవరిలోను, 2018 జనవరిలోను చెరువులోనే మంటలు లేచినవి. 2020 తరువాత పూడికతీత పనులు చేపట్టినారు. అయినను ఈ నీరు కూరతోటకు తగదు. కారణం దుర్వాసన మాత్రమే కాదు. మురుగులోని సూక్ష్మక్రిములను కడిగి, ఉడికించి పోగొట్టవచ్చును. కాని క్యాడ్మియం, సీసం వంటి లోహాలు మట్టిలో నిలిచిపోతాయి. వాటిలో క్యాడ్మియమును తోటకూర, పాలకూర వంటివి వేళ్ళతో పీల్చి ఆకులలో నింపుకుంటాయి. ఆ ఆకును ఎన్నిసార్లు కడిగినా లోహం పోదు.

ఇక్కడ మన గ్రామీణులు సులభంగా పొరబడే విషయం ఒకటి కలదు. ఎండిన చెరువులోని ఒండ్రుమట్టిని పొలానికి తోలుకోవడం మన ప్రాంతపు పాత ఆచారం, మంచి ఆచారం. ఆ అలవాటు చొప్పున బెళ్ళందూరు, వర్తూరు చెరువుల పూడికమట్టిని కుండీలకు తెచ్చుకోరాదు. దశాబ్దాల మురుగు ఆ మట్టిలోనే పేరుకొని ఉన్నది.

కోలారు జిల్లా పాఠకులకు ఒక మాట. కోరమంగళ–చల్లఘట్ట లోయ పథకం క్రింద 2018 నుండి శుద్ధి చేసిన నీరు కోలారు చెరువులకు చేరుతున్నది. చెరువులు నిండి భూగర్భజలం పెరగాలన్నదే ఆ పథకం ఉద్దేశం. భూమిలోకి ఇంకి, వడపోతకు లోనై బోరు ద్వారా వచ్చిన నీరు వేరు. చెరువులో మోటారు దించి ఆకుకూరల మడికి నేరుగా పారించే నీరు వేరు. రెండింటిని ఒకటిగా చూడరాదు.

ఇక కుళాయి నీరు. 2024 వేసవిలో బెంగుళూరు నీటి ఎద్దడికి గురియైనప్పుడు, తోటలకు, వాహనాలు కడుగుటకు త్రాగునీటిని వాడరాదని నగర జలమండలి ఆ సంవత్సరం మార్చిలో నిషేధించి, 5000 రూపాయల జరిమానా ప్రకటించినది. 2025 ఫిబ్రవరిలో అటువంటి ఉత్తర్వే మరల వెలువడినది. కనుక వేసవి తోటను కుళాయి మీద ఆధారపడి వేయడం తెలివైన పని కాదు.

మిగిలినది వంటింటి నీరే. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీరు మొక్కకు నిరపాయమైనది. బెళ్ళందూరులోని మా తమ్ముని ఇంట ఒక వారం బకెట్టుతో కొలిచి చూడగా నలుగురి వంటకు రోజుకు సుమారు 12 లీటర్లు వచ్చినది. ఏప్రిల్ ఎండలో కాయ మీదనున్న బెండ సంచికి ఒకటి నుండి ఒకటిన్నర లీటరు కావాలి. అనగా ఆ ఇంటికి ఎనిమిది సంచులే హద్దు. ఇరవై సంచులు పెట్టి అన్నింటిని సగం తడిపే కంటే ఎనిమిదింటిని నిండుగా తడపడం మేలు. సబ్బు, డిటర్జెంటు కలిసిన నీటిని ఆకుకూరలకు పోయకూడదు. అపార్టుమెంట్లలో శుద్ధి చేసి వచ్చే నీటిని పూలమొక్కలకు వాడుకోవచ్చును గాని తినే ఆకుపై చల్లరాదు.

బోరు నీటి గట్టిదనాన్ని తగ్గించే సాఫ్టెనర్ యంత్రాల నుండి వచ్చే నీరు చూపుకు స్వచ్ఛంగానే ఉంటుంది. కాని ఆ యంత్రంలో ఉప్పు వేస్తారు. సున్నం తగ్గి సోడియం పెరుగుతుంది. తొలి ఏడు మేము ఇది తెలియక ఆ కుళాయి నీరే పోసినాము. బెండ ఆకుల అంచులు కాలినట్లు మాడి, మట్టి పైన పెచ్చు కట్టినది. ఎరువు చాలలేదనుకొని ఇంకా ఎరువు వేసినాము! చివరకు మట్టి అంతా మార్చవలసి వచ్చినది. ఆర్వో యంత్రం విడిచే నీటిలోను లవణాలు అధికమే.

వాననీటిని మరువరాదు. పది చదరపు మీటర్ల పైకప్పు మీద పది మిల్లీమీటర్ల వాన కురిస్తే దాదాపు 100 లీటర్లు. ఏప్రిల్, మే నెలలలో పడే మామిడి జల్లులకు ఒక పీపా సిద్ధంగా ఉంటే ఎనిమిది సంచులకు వారం గడుస్తుంది. పీపాపై మూత తప్పనిసరి, లేనిచో దోమలు.

విత్తే కాలం

సంక్రాంతికి బెంగుళూరు రాత్రులు ఇంకా చలిగా ఉంటాయి, బెండ సరిగా మొలవదు. రథసప్తమి తగిన సమయం. అధికమాసం అడ్డురాని ఏట రథసప్తమి నుండి ఉగాదికి 53, 54 రోజులు. బెండ తొలి కాయకు పట్టే కాలం 45 నుండి 50 రోజులు. మన పెద్దలు లెక్క కట్టి పెట్టినారో లేదో గాని, ఉగాది పండుగకు సొంత బెండకాయ తప్పక అందుతుంది. విత్తనాలను ఒక రాత్రి నానబెట్టి నాటాలి. హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క అనామిక బెండ, ఆకులు పసుపుపచ్చబారే తెగులును తట్టుకొనేందుకు పెంపొందించిన రకం. అదే సంస్థవారి అర్క సుగుణ తోటకూర 25–30 రోజులకు తొలి కోతకు వస్తుంది. మొదలంటా పెరకక రెండంగుళాలు విడిచి కోస్తే మరల మరల చిగురిస్తుంది.

రెండు పాళ్ళు ఎర్రమట్టికి ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి చాలును. తడిసిన మట్టి ఘనపుటడుగుకు సుమారు 45 కిలోలు తూగుతుంది. కనుక సంచులను మిద్దె నడుమ గాక గోడల వెంబడి అమర్చి, అద్దె ఇంటివారు యజమానిని ముందే అడగాలి.

విత్తనాల అంగడిలో పేర్లు కన్నడంలో ఉంటాయి. బీర హీరె, సొర సోరె, కాకర హాగల, వంగ బదనె, తోటకూర దంటు. సరిహద్దువారికి ఇవి కొత్తవి కావు. చిక్కు దోసతోనే. పప్పులో వేసే పసుపు దోసను తలచి సౌతె అని అడిగితే పచ్చిగా తినే కీరదోస విత్తనం చేతికి వస్తుంది. పసుపు దోస విత్తనం ఊరి నుండి తెచ్చుకోవడమే ఉత్తమం.

పూత, కోత

తీగజాతులలో మగపూవు, ఆడపూవు వేరు వేరు. తేనెటీగలు రాని మిద్దెలపై పూలు విరగబూసినా పిందె నిలువదు. మగపూవును త్రుంచి ఆడపూవు నడుమ అద్దాలి. పిందె ఆకారం తొడిమె వద్దనే కనిపిస్తుంది కనుక పిల్లలు కూడా ఆడపూవును గుర్తించగలరు. దోస, కాకర, గుమ్మడి ఉదయం పూస్తాయి. బీర, సొర సాయంకాలం విచ్చుకుంటాయి. ఉదయం అద్దినాము, పిందె పట్టలేదని వాపోయేవారు ఈ భేదాన్ని గమనించాలి. బడి నుండి వచ్చిన పిల్లలకు సాయంకాలపు పూలను అప్పగిస్తే పని తప్పదు.

పిందె కట్టగానే కాగితపు సంచి తొడిగితే పండుఈగ చేరదు. బెండను రోజు విడిచి రోజు కోయాలి. కొన పుటుక్కున విరిగితే లేత. ఒక్క కాయ ముదిరినా చెట్టు కాపు తగ్గిస్తుంది. సొరకాయను వండే ముందు చిన్న ముక్క నాలుకకు తాకించి చూడాలి. చేదుగా ఉంటే ఎంత పెద్ద కాయనైనా పారవేయాలి. ఆ చేదు వంటతో పోదు. వాంతులతో మొదలై ప్రాణాపాయం కలిగించగలదు. ఇంటి కాయ కదా అని మొహమాటపడి పిల్లలకు పెట్టరాదు.

సెలవులలో తోట

వేసవి సెలవులకు కుటుంబమంతా ఊరికి తరలినప్పుడే తోట ఎండిపోతుంది. రెండు మూడు రోజుల ప్రయాణానికి మంచి ఉపాయం, మెరుగు పూయని మట్టికుండను మెడ వరకు సంచిలో పాతి, నీరు నింపి, మూత పెట్టడం. కుండ చెమర్చిన కొద్దీ వేళ్ళు నీటిని అందుకుంటాయి. పైన ఎండుటాకులు పరచాలి. అంతకు మించిన కాలమైతే పొరుగువారే దిక్కు. వారికి నీళ్ళ పని ఒప్పగించేటప్పుడు ఆ రోజులలో కాసిన కాయలు వారివేనని ముందుగా చెప్పడం మర్యాద, పైగా కాయలు ముదరవు.

బయలుదేరే ముందు మేలైన బెండ చెట్టుకు రెండు కాయలు విత్తనానికి విడిచి, దారం కట్టి గుర్తు పెట్టాలి. సంకర రకమైతే ఈ శ్రమ వద్దు, మరుసటి ఏడు అదే గుణం రాదు. చెట్టుపైనే ఎండి పగుళ్ళు వారిన కాయను ఒలిచి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి మూట కడితే వచ్చే రథసప్తమికి పనికివస్తాయి. సగం విత్తనం నగరంలోను, సగం ఊరిలో అమ్మమ్మ డబ్బాలోను ఉంచాలి. మా మట్టి మాడిపోయిన ఏడు మరుసటి పంటకు విత్తనం ఆ డబ్బా నుండే వచ్చినది.