టామ్స్ డైనర్ పాట ఎవరిది?

పోయిన నెల్లో ఒక శుక్రవారం సాయంత్రం గచ్చిబౌలిలో ఓ కాఫీ షాపులో కూర్చున్నాం, మా టీమ్ వాళ్ళం నలుగురం. రిలీజు అయిపోయింది, ఎవరికీ ఇంటికెళ్ళే తొందర లేదు. పైన స్పీకర్లో ఏదో పాట మొదలైంది. మాటల్లేని చిన్న కూనిరాగం, వెనక డ్రమ్స్. మా జూనియర్ అమ్మాయి వెంటనే "ఇది రీల్స్‌లో వచ్చే పాట" అంది. పక్కనున్నతను "కాదు, ఫాలౌట్ బాయ్ వాళ్ళ సెంచరీస్‌లోది" అన్నాడు. మా లీడ్‌కి నలభై దాటాయి. ఆయన కప్పు కింద పెట్టి "మీరు పుట్టకముందు పాటమ్మా ఇది. సుజాన్ వేగా పాట. ఎంపీ3 పుట్టింది ఈ పాటతోనే" అన్నారు.

అక్కడితో ఆగితే ఈ టపా ఉండేది కాదు. "బీటు ఎవరిదన్నా?" అని అడిగిందా అమ్మాయి. బీటు వేరేవాళ్ళదని ఆయనే ఒప్పుకున్నారు. "మరి ఆ బీటు తీసేస్తే ఆవిడదంటూ ఏం మిగిలింది?" అంది. కాలేజీ రోజుల నించీ వేగా అభిమాని అయిన మా లీడ్ మొహం చూడాలి అప్పుడు :) అరగంట వాదించుకున్నారు. నేను మాత్రం ఇంటికెళ్ళి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అసలు పాట మొదటిసారి విన్నాను. బీటు లేదు. గిటారు లేదు. ఏమీ లేదు, ఒక్క గొంతు తప్ప. ఆ తర్వాత వారం రోజులు ఈ పాట చరిత్ర తవ్వుతూనే ఉన్నాను.

ముందు పాట సంగతి. న్యూయార్క్‌లో బ్రాడ్వే, 112వ వీధి కలిసే మూలమీద టామ్స్ రెస్టారెంట్ అని ఒక మామూలు హోటలుంది. సైన్‌ఫెల్డ్ సీరియల్ చూసినవాళ్ళకి దాని ముందు భాగం బాగా గుర్తుంటుంది, వాళ్ళు కూర్చునే హోటలు బయటినించి చూపించేది దీన్నే. అదే భవనం పై అంతస్తుల్లో నాసా వాళ్ళ గోడార్డ్ అంతరిక్ష అధ్యయన సంస్థ దశాబ్దాల పాటు, 2025 దాకా, పనిచేసింది. వేగా చదువుకున్న బర్నార్డ్ కాలేజీ అక్కడికి దగ్గరే. 1980ల మొదట్లో ఆవిడ పొద్దున్నే అక్కడ కాఫీ తాగుతూ ఈ పాట అల్లుకుంది. పాటలో పెద్ద కథేం లేదు. ఒక మనిషి ఒంటరిగా కూర్చుని కాఫీ తాగుతూ, చుట్టూ ఉన్నవాళ్ళని చూస్తూ, పేపరు తిరగేస్తూ ఉంటుంది. అంతే. ఆవిడకో ఫోటోగ్రాఫర్ స్నేహితుడుండేవాడు. తన జీవితాన్ని అద్దంలోంచి చూస్తున్నట్టుంటుందని అతను ఒకసారి అన్నాడట, అక్కణ్ణించి వచ్చింది ఆలోచన.

ఇక్కడ నాకు భలే నచ్చిన విషయం ఒకటుంది. ఆవిడ దీన్ని పియానోతో పాడాలనుకుంది. కానీ ఆవిడకి పియానో రాదు, వాయించేవాళ్ళూ దొరకలేదు. అందుకని వాయిద్యం లేకుండానే పాడేసింది. కచేరీల్లో జనం కబుర్లు చెప్పుకుంటుంటే ఈ పాటతో మొదలెట్టేదట. ఒక్క గొంతు వినపడేసరికి అందరూ మాట్లాడ్డం ఆపేసేవాళ్ళు. 1987లో వచ్చిన సాలిట్యూడ్ స్టాండింగ్ ఆల్బంలో మొదటి పాటగా పెట్టింది కూడా దీన్నే. అంటే మన భాషలో చెప్పాలంటే, డిపెండెన్సీ దొరక్క తీసేసిన భాగమే చివరికి ఫీచరైపోయింది.

సరే, బీటు కథకొద్దాం. 1990లో డీఎన్ఏ అనే పేరుతో ఇద్దరు ఇంగ్లండు కుర్రాళ్ళు ఆవిడ గొంతుని తీసుకుని సోల్ టూ సోల్ అనే బృందం తరహా డ్రమ్ముల మీద అతికించారు. ఎవర్నీ అడగలేదు. పేరు లేని రికార్డులు కొన్ని అచ్చేసి క్లబ్బులకి వదిలారు. మామూలుగా అయితే రికార్డు కంపెనీ వాళ్ళు లాయర్ నోటీసు పంపాలి. వేగా విని, బావుంది అంది. ఆవిడ కంపెనీ ఏ అండ్ ఎం ఆ రికార్డింగుని కొనేసి అధికారికంగా విడుదల చేసింది. బ్రిటన్లో రెండో స్థానం, అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో అయిదో స్థానం దాకా వెళ్ళింది.

మా జూనియర్ అమ్మాయి ప్రశ్నకి బలం ఇక్కడే ఉంది. ఇవాళ మనందరికీ గుర్తుండే ఆ కూనిరాగం, అసలు పాటలో చివర్లో వస్తుంది, మాటలైపోయాక. దాన్ని పల్లవిలాగా మధ్యమధ్యలో పెట్టింది డీఎన్ఏ వాళ్ళు. రాగం ఆవిడది, దాన్ని పెట్టిన చోటు వాళ్ళది. వాళ్ళు చేసింది కట్ అండ్ పేస్టే కావచ్చు, కానీ ఎక్కడ కట్ చెయ్యాలో తెలియడం చిన్న పనేం కాదు (స్టాక్ ఓవర్‌ఫ్లో మీద బతికే జాతి మనది, ఆ మాత్రం ఒప్పుకోవాలి).

ఆ తర్వాత ఈ పాటకి బోలెడన్ని రూపాలొచ్చాయి. 1991లోనే వేగా వాటిల్లో కొన్నిటిని ఏరి టామ్స్ ఆల్బం అనే పేరుతో తెచ్చింది. అంటే తన పాటని ఎవరెవరు ఎలా వాడుకున్నారో తనే ఒకచోట చేర్చింది. 2014లో ఫాలౌట్ బాయ్ వాళ్ళు ఆ కూనిరాగాన్ని తమ పాటలో వాడారు. 2015లో జార్జియో మొరోడర్ బ్రిట్నీ స్పియర్స్ చేత పాడించాడు. 2019లో ఇద్దరు జర్మన్ బృందాలవాళ్ళు కలిసి పాడిన వీడియో తర్వాత రీల్స్ దాకా పాకింది. మా అమ్మాయి విన్నది బహుశా అదే.

ఇప్పుడు మన కులవృత్తికి సంబంధించిన భాగం, అంటే ఎంపీ3.

సీడీలో ఒక సెకను పాటకి 44,100 శాంపిళ్ళు, ఒక్కోటి 16 బిట్లు, ఎడమ కుడి కలిపి రెండు ఛానెళ్ళు. గుణిస్తే సెకనుకి పద్నాలుగు లక్షల బిట్లు పైమాటే. నాలుగు నిమిషాల పాటకి దాదాపు 42 ఎంబీ. జర్మనీలో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో డీటర్ సైట్జర్ అనే ప్రొఫెసరుకి ఫోను లైన్ల మీద పాటలు పంపాలని పట్టుదల. ఆయన శిష్యుడు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ ఆ పని మీద కూర్చున్నాడు. చిట్కా ఏమిటంటే చెవికి వినపడనిదాన్ని తీసెయ్యడం. పెళ్ళి పందిట్లో బ్యాండుమేళం మోగుతుంటే పక్కవాడు చెప్పే మాట మనకి వినపడదు కదా. అలాగే పెద్ద శబ్దం పక్కనున్న చిన్న శబ్దాన్ని మింగేస్తుంది. మింగేసేదాన్ని దాచిపెట్టడం దేనికి? తీసేస్తే 128 కిలోబిట్ల దగ్గర అదే పాట నాలుగు ఎంబీ లోపే.

1980ల చివర్లో ఆయన కోడెక్ చాలా పాటలకి బాగానే పనిచేస్తోంది. అప్పుడు తగిలింది టామ్స్ డైనర్. కారిడార్లో ఎవరిదో రేడియోలో విన్నాడని ఒక కథనం, స్పీకర్లు పరీక్షించడానికి ఈ పాట వాడుతున్నారని ఓ హైఫై పత్రికలో చదివాడని ఇంకో కథనం. ఎలా తగిలినా ఫలితం ఒకటే, పాట చిందరవందర అయిపోయింది. కారణం సులభం. కోడెక్ చేసే తప్పుల్ని కప్పెట్టడానికి వెనక బ్యాండుమేళం లేదు. పైగా గొంతు సరిగ్గా మధ్యలోంచి వస్తుంటే, ఎడమ కుడి ఛానెళ్ళని విడివిడిగా కుదించడం వల్ల పుట్టిన రొద పక్కలనించి వచ్చేది. గొంతు ఒకచోట, చెత్త ఇంకోచోట. చెవి రెంటినీ ఇట్టే విడదీసేస్తుంది. రెండు ఛానెళ్ళనీ కలిపి చూసేలా మార్చి, ఈ పాటనే మళ్ళీ మళ్ళీ వింటూ సరిచేసుకుంటూ పోయారు.

మా లీడ్ చెప్పినట్టు ఎంపీ3 ఈ పాటతోనే పుట్టిందనడం కొంచెం అతిశయోక్తి. పరీక్షకి వాడిన పాటల్లో ఇదొకటి, అప్పటికి ఎంపీ3 అన్న పేరే లేదు. ఎంపెగ్ మొదటి ప్రమాణం 1992లో ఖాయమైంది. ఫైలు చివర పెట్టే పేరుని 1995 జులై 14న ఫ్రౌన్‌హోఫర్ సంస్థ వాళ్ళు లోపల ఈమెయిల్లో ఓటింగు పెట్టుకుని తేల్చారు. కానీ అందరికంటే కఠినమైన టెస్ట్ కేసు మాత్రం ఇదే. అందుకే వేగాకి "ఎంపీ3 తల్లి" అన్న పేరొచ్చింది.

ఆ పేరు వల్ల ఆవిడ ఎర్లాంగెన్ వెళ్ళింది. అక్కడి ఇంజనీర్లు ముందు అసలు పాట, తర్వాత పాడైపోయిన పాత రూపం, చివర్న సరిచేసిన ఎంపీ3 వినిపించారు. అదీ ఇదీ ఒకటే కదా అన్నట్టు చూశారు. ఆవిడ మాత్రం, ఎంపీ3లో వెచ్చదనం కొంచెం తగ్గినట్టుంది, కింది స్వరాలు కాస్త పోయినట్టున్నాయి అంది. వాళ్ళు ఒప్పుకోలేదనుకోండి. 2008లో న్యూయార్క్ టైమ్స్‌లో ఆవిడే ఈ ముచ్చట రాసుకుంది. నాకైతే కస్టమరు వచ్చి బగ్ చెబితే "మా మెషీన్లో బాగానే ఉంది" అన్నట్టనిపించింది :)

తర్వాత కొన్నేళ్ళకి రయన్ మగ్వైర్ అనే స్వరకర్త ఒక చిత్రమైన పని చేశాడు. టామ్స్ డైనర్‌ని ఎంపీ3గా మార్చేటప్పుడు ఏం తీసేస్తామో, ఆ తీసేసిన ముక్కలన్నీ ఏరి ఒక పాటగా కట్టాడు. పేరు మోడర్నిస్ట్. ఇంగ్లీషులో టామ్స్ డైనర్ అక్షరాలే అటూఇటూ మార్చి రాస్తే వచ్చే పేరది. వింటే దెయ్యం పాడినట్టుంటుంది. మనం వినపడదని పారేసిన చోట కూడా ఆవిడ గొంతు ఉంది.

ఇంతకీ ఆవిడదంటూ ఏం మిగిలింది? నాకు తోచిన జవాబు ఇది. ఆ పాటలో ఆవిడ సొంతం ఆ ఖాళీ. దాక్కోడానికి ఏమీ పెట్టుకోకుండా పాడింది. ఆ ఖాళీ ఉంది కాబట్టే డీఎన్ఏ వాళ్ళకి డ్రమ్ములు పెట్టే చోటు దొరికింది, ఆ ఖాళీ ఉంది కాబట్టే బ్రాండెన్‌బర్గ్ తప్పులు బయటపడ్డాయి. పాట చుట్టూ జరిగినవన్నీ వేరేవాళ్ళు చేసినవే, కానీ వాటికి చోటిచ్చింది ఆవిడే.

అయితే సొంతం అనేదానికి ఇంకో అర్థం కూడా ఉంది, ఆస్తి. ఆవిడ పాత రికార్డింగుల హక్కులు కంపెనీవి. అందుకని 2010 నించి 2012 దాకా క్లోజప్ పేరుతో నాలుగు భాగాలుగా తన పాటలన్నీ తనే మళ్ళీ పాడి రికార్డు చేసుకుంది. టేలర్ స్విఫ్ట్ ఇదే పని మొదలెట్టి ప్రపంచమంతా మాట్లాడుకోడానికి పదేళ్ళ ముందు సంగతి. 2017లో ఇళయరాజా గారు తన పాటలు అనుమతి లేకుండా కచేరీల్లో పాడొద్దని బాలు గారికి నోటీసు పంపినప్పుడు మన ఇళ్ళల్లోనూ ఇదే గొడవ. కట్టినవాళ్ళదా, పాడినవాళ్ళదా, డబ్బు పెట్టినవాళ్ళదా? ఆ గొడవలో రాసినవాళ్ళ పేరెత్తినవాళ్ళు నాకు కనపడలేదు.

అదే నన్ను గుచ్చింది. నా చిన్నప్పుడు మా ఊళ్ళో సీడీ షాపులో నాన్న ముప్ఫై రూపాయలకి ఎంపీ3 సీడీ రాయించుకొచ్చేవారు. నూట యాభై పాటలు పట్టేవి. ప్లేయర్లో పెడితే పాట పేరు పక్కన, గాయకుడి పేరుండాల్సిన చోట, ఏదో వెబ్‌సైటు పేరు పరిగెడుతూ ఉండేది. ఇప్పుడు ఈ తవ్వకాల్లో ఎంపీ3 ఫైలు చివర ఉండే ఆ పాత ట్యాగు గురించి చదివాను. మొత్తం 128 బైట్లు. పాట పేరుకి 30, గాయకుడికి 30, ఆల్బంకి 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకి 30, ఇంకా చిల్లర. పాట రాసినవాళ్ళకి ఒక్క బైటు లేదు.

వేగా లాంటివాళ్ళకి ఇబ్బంది లేదు, రాసేదీ పాడేదీ ఒకరే. మన పాటలు అలా కాదుగా. చక్రం (2005) సినిమాలో ఒంటరివాడు పాడుకునే పాట ఆ సీడీల్లో నేను కొన్ని వందలసార్లు విని ఉంటాను. హాస్టల్లో బెంగపెట్టుకున్న రాత్రుళ్ళు కూడా అదే. అది సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు రాశారని నాకు తెలిసింది 2021 నవంబరు 30న, ఆయన పోయారని టీవీలో చెబుతుంటే. అన్నాళ్ళూ ఆ మాటలు ఎవరివో అడగాలని కూడా తోచలేదు.

తర్వాత వచ్చిన ట్యాగుల్లో రచయితకి చోటిచ్చారు. 2017లో ఫ్రౌన్‌హోఫర్ వాళ్ళు ఎంపీ3 లైసెన్సులు అమ్మడం కూడా ఆపేశారు, పేటెంట్ల కాలం తీరిపోయింది. ఇప్పుడన్నీ స్ట్రీమింగే. స్క్రీన్ మీద మూడు చుక్కలు నొక్కి, ఇంకా కిందకి వెళితే రాసినవాళ్ళ పేరు కనపడచ్చు. నొక్కేవాళ్ళెందరు?

మొన్న టీ దగ్గర ఇదంతా మావాళ్ళకి చెప్పాను. మా లీడ్ గారు గెలిచినట్టు నవ్వారు. జూనియర్ అమ్మాయి మాత్రం ఓడిపోలేదు. "అంటే బీటు డీఎన్ఏదనీ చెప్పాలి, గొంతు ఆవిడదనీ చెప్పాలి, అంతేగా" అంది. అంతే. ఈసారి బయట ఎక్కడైనా పాట వినపడితే, ఎవరు పాడారు అన్న ప్రశ్న పక్కన ఎవరు రాశారు అన్నది కూడా చేరుస్తానని అనుకున్నాను. పాత హార్డ్ డిస్కులో ఇంకా రెండు వేల ఫైళ్ళున్నాయి, ఆ వెబ్‌సైటు పేర్లతోనే. వారాంతాల్లో ఒక్కోటీ సరిచేస్తున్నాను. స్క్రిప్టు రాసుకోవచ్చుగా అంటారేమో. రాయగలను, కానీ చేత్తో టైపు చేస్తుంటే పేర్లు గుర్తుంటున్నాయి.