చిన్న కుక్క శీలము



దేహము చిన్నదైన గుణము చిన్నది కాదని మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలవారికి వేరుగ బోధింప నక్కరలేదు. మన పుంగనూరు ఆవు సుమారు మూడడుగుల యెత్తే. దాని పాలు వెన్నకు పేరుపొందినవి. ఆవునెడ అంగీకరించిన యీ న్యాయమును వాకిట పండుకొను చిన్న కుక్కయెడల నేల పాటింపము?

జర్మనీలో ఓబర్‌కాస్సెల్ అనుచోట 1914లో సుమారు 14,000 ఏండ్లనాటి సమాధి బయల్పడెను. అందు ఇరువురు మనుష్యులతోపాటు ఏడు నెలల కుక్కపిల్ల యెముకలు దొరకినవి. ఆ పిల్ల కొన్ని వారములు వ్యాధిచే కృశించినదనియు, ఒకరు ఉపచారము చేయనిదే అంతకాలము జీవించి యుండదనియు దాని పండ్లను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించిరి. వేటకును కావలికిని పనికిరాని రోగిపిల్లను సాకుట స్నేహము గాక మరేమి?

మన భారతమును చూడుడు. మొదట జనమేజయుని తమ్ములు తప్పు చేయని సరమ కొడుకును కొట్టిరి. తల్లి యాగశాలకు వచ్చి, ఏ నేరమునకు కొట్టితిరని యడుగగా, వారు బదులు చెప్పలేకపోయిరి. తుదకు ధర్మరాజు తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు పోనొల్లడయ్యెను.

1957 నవంబరు 3వ తేదీన రష్యావారు అంతరిక్షమునకు పంపిన లైకా మాస్కో వీధులలో తిరిగినదే. బరువు ఆరు కిలోల ప్రాంతము. దాని యోర్పును, శాంతస్వభావమును చూచియే యెన్నుకొనిరి. మరల దించు సాధనము లేదు. కొన్ని గంటలలోనే వేడిమికి అది మరణించెను. వీధికుక్కకు బుద్ధి లేదనువారు దీనిని తలపోయవలెను.

ఇట్టి శీల మెట్లు గలుగును? అమెరికాలో స్కాట్, ఫుల్లరు అను శాస్త్రజ్ఞులు పెక్కేండ్లు చిన్న, నడితరపు జాతుల కుక్కలను పెంచి పరిశోధించి, 1965లో గ్రంథము ప్రకటించిరి. వంశగుణము కొంత కలదు. అయినను పుట్టిన మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు గడచిన కాలమే స్వభావమునకు పునాది. ఆ దినములలో మనుష్యుని చేతి చలువ నెరిగిన పిల్ల సాధువగును. ఎరుగనిది జన్మమంతయు బెదరుచుండును. బెదరిన కుక్కయే తరచుగ కరచును.

మన వీధులలో బాలురు పిల్లలపై రాళ్లు రువ్వుచుండగా పెద్దలము నవ్వి యూరకుందుము. ఆరు మాసములకు అదే కుక్క కరచినప్పుడు దానిని దూషింతుము. కరచినచోట సబ్బుతో పావుగంట కడిగి, వెంటనే ఆస్పత్రిలో టీకా వేయించుట ప్రాణరక్షణము. అంతకు ముందే బాలుని చేతిలోని రాతిని దింపించుట పెద్దల ధర్మము.