పేరు ప్రతిపాదించే వారేరీ?



ధార్మిక సేవ చేసిన పెద్దలొకరిని ఈ ఏడు సన్మానింపదలచి, పేర్లు పంపవలసిందిగా మన సంఘం సభ్యులను కోరింది. గడువు తీరేసరికి వచ్చినవి రెండే. అందులో ఒకటి నేను పంపిందే, అదీ సగం కాగితమే. అందుచేత ఇటువంటి బహుమానాల చరిత్ర కొంత మీ ముందుంచుతున్నాను.

ఆధ్యాత్మిక రంగంలో ప్రపంచమంతటా పేరున్నది టెంపుల్టన్ బహుమతి. అమెరికాలో పుట్టిన జాన్ టెంపుల్టన్ అనే ధనవంతుడు 1972లో దీనిని నెలకొల్పాడు. నోబెల్ బహుమతుల్లో మతానికి చోటు లేదే అని ఆయన బాధ. అందుకని తన బహుమతి సొమ్ము నోబెల్ కంటె ఎక్కువుండాలన్నాడు. 1973లో మొదటిది మదర్ థెరిసాకు ఇచ్చారు. ఆమెకు నోబెల్ వచ్చింది 1979లో, ఆరేళ్ల తర్వాతనండీ!

1975లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారికి ఇచ్చారు. క్రైస్తవేతరులలో ఆయనే మొదటివారు. ఈ కథలో మన బెజవాడకూ కాస్త చుట్టరికముంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది ఇక్కడే. 1930లో వాల్తేరు తరలిపోయాక, 1931లో రాధాకృష్ణన్ గారు దానికి వైస్ ఛాన్సలర్‌గా వచ్చారు. బహుమతి అందిన ఏడే, ఏప్రిల్ 17న, ఆయన కన్నుమూశారు. సొమ్మంతా తాను పాఠం చెప్పిన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికే ఇచ్చేశారు. ముస్లిములలో మొదట దీనిని పొందింది 1988లో, కరాచీకి చెందిన ఇనాముల్లా ఖాన్.

ఈ బహుమతికి ఎవరి పేరు వారు పంపుకోరాదు. మరొకరు ప్రతిపాదించాలి, అదీ బతికున్నవారినే. మన తెలుగు ముస్లిములలో నాకు మొదట తోచే పేరు పిఠాపురం ఉమర్ అలీషా గారిది. 1885లో పుట్టారు. ఆధ్యాత్మిక పీఠానికి అధిపతి, ఉమర్ ఖయ్యాంను పారశీకం నుండి తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి, ఢిల్లీ శాసనసభలో సభ్యులు. వారి మార్గం మనలో అందరికీ సమ్మతం కాదు, అది వేరే సంగతి. 1945లో వారు పోయిన 27 ఏళ్లకు గాని ఈ బహుమతి పుట్టలేదు. అయినా పుస్తకాలున్నాయి గనుక పేరు నిలిచింది.

పుస్తకం రాయనివారి మాటేమిటి? నేను పంపిన పేరు దివిసీమలో ఒక పల్లె పేష్ ఇమాం సాబ్‌ది. నాకు అలిఫ్, బే దిద్దించింది వారే. 1977 నవంబరు 19 ఉప్పెనలో కొట్టుకొచ్చిన శవాలను, ఏ మతమని అడక్కుండా, తన చేతులతో మట్టి చేశారని మా అబ్బాజాన్ చెప్పేవారు. ఫారంలో ఏమో ఏ సంవత్సరం నుండి సేవ, ఎందరికి చదువు, సాక్షులెవరు అని గళ్లున్నాయి. వెళ్లి అడిగాను. "అల్లాకు తెలుసు బేటా, నీకెందుకు?" అన్నారు.

రియా, అంటే పదిమంది మెప్పు కోసం చేయడం, తప్పే. ఆయన చెప్పుకోకపోవడం ఆయన గొప్ప. మనం రాసిపెట్టకపోవడం మాత్రం మన బద్ధకం. నేనూ మేస్టర్నే, ఇన్నేళ్లలో ఒక్క కాగితం రాయలేదు. ఆయనతో పాటు ఆ గుంతలు తవ్విన మా అబ్బాజాన్ కూడా ఇప్పుడు మరహూం అయ్యారు.

ఇమాం సాబ్‌కు 80 దాటాయి. గడువు ఇంకో నెల పెంచమని కార్యవర్గాన్ని కోరాను, ఒప్పుకున్నారు. ఉప్పెన నాడు ఆ పల్లెలో ఉన్నవారు మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే, చూసింది చూసినట్టు నాలుగు ముక్కలు రాసి పంపండి. రాయడం రానివారైతే కబురు చేయండి, నేనే వచ్చి రాసుకుంటాను.